వర్తి పరిభాష – ‘కరగు’ ధాత్వర్థ విచారం

చరకసంహిత చికిత్సాస్థానంలోని త్రిమర్మీయాధ్యాయం ఉదావర్త రోగానికి గుదవర్తిని విధించింది. తెగడ, పిప్పలి, దంతి మొదలైనవాటిని గోమూత్రంతో నూరి, బెల్లం చేర్చి, బొటనవ్రేలంత వర్తి చేయవలెనని అందలి విధానం. నేటి సపోజిటరీకి ‘ఫలవర్తి’ని పర్యాయంగా వాడడం కద్దు. రెండూ కరగేవే; కాని ‘కరగు’ ధాతువుకు ఇక్కడ రెండర్థాలున్నాయి. బెల్లం తేమలో లీనమవుతుంది. కోకో వెన్న దేహోష్ణానికి, సుమారు 34 డిగ్రీల సెల్సియస్ వద్ద, ద్రవిస్తుంది. తయారీలో అతిగా కాచినచో దాని స్ఫటికరూపం మారి, ఇంకా తక్కువ వేడిమికే మెత్తబడుతుంది. దేహోష్ణాన్ని మించిన ద్రవీభవనస్థానం గల పాలిథిలిన్ గ్లైకాల్ వర్తి మాత్రం బెల్లంవలె తేమలోనే లీనమవుతుంది. 40 డిగ్రీలు దాటే తెలుగునాటి వేసవిలో ఈ భేదం ఉపేక్షణీయం కాదు. కావున కోకో వెన్నతో చేసినదానిని ‘ద్రావ్యవర్తి’ అనీ, గ్లైకాల్‌తో చేసినదానిని ‘విలేయవర్తి’ అనీ వ్యవహరించుట సమంజసం. చల్లని తావున భద్రపరచవలసినది ఏదో పేరే తెలుపుతుంది.