పీహెచ్‌డీ తొలి ఏడాది... గైడ్‌తో ఎలా?

పీహెచ్‌డీలో సీటు వచ్చిందనగానే అందరూ టాపిక్ ఏమిటని అడుగుతారు. గైడ్ ఎవరని అడిగేవాళ్లు తక్కువ. తొలి ఏడాది సాఫీగా సాగడం మాత్రం గైడ్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపే ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. గైడ్‌ను ఎంచుకునే వీలుంటే ముందుగా మీరు అనుకుంటున్న గైడ్ దగ్గర చేస్తున్న సీనియర్లను కలవండి. ఇచ్చిన చాప్టర్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, దిద్ది ఇస్తారా, పైపైన చూసి ఇస్తారా అని అడగండి. ‘సర్ మంచివారే’ అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. ఆయన దగ్గర పూర్తయిన థీసిస్‌లు ఆన్‌లైన్ థీసిస్ భాండాగారం శోధ్‌గంగలో ఉంటే రెండైనా తెరిచి చూడండి. పెద్ద పేరు లేకపోయినా, ప్రతి పేజీ చదివి దిద్దే అసిస్టెంట్ ప్రొఫెసర్ దొరికితే వదులుకోకండి.

కోర్స్‌వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు. కనీసం 55 శాతం మార్కులు రావాలి. పీజీ దాటి వచ్చినవారికి ఇదేమంత గండం కాదు.

చాలామంది చిక్కుకునేది గైడ్ గది గుమ్మం దగ్గర. ముఖ్యంగా ఇంట్లో తొలిసారి ఇంతదాకా చదివినవారు, సర్ పిలిచేదాకా వెళ్లరు. చెప్పిన పేపర్లు చదవలేదు, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలని వాయిదా వేస్తారు. అలా సెమిస్టరే గడిచిపోతుంది. వీళ్లకు ఆసక్తి లేదని గైడ్ అనుకుంటారు. పని కాకపోయినా వెళ్లండి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. రెండు వారాలకోసారి ఫలానా రోజు కలుస్తానని మొదట్లోనే అడిగి ఖాయం చేసుకోండి. కలిసే ముందు ఒక పేజీ పంపండి: ఏం చదివారు, ఏది అర్థం కాలేదు, ఆయన ఏం తేల్చి చెప్పాలి. బయటికొచ్చాక అదే రోజు, ఆయన చెప్పింది మీకు ఎలా అర్థమైందో మెయిల్‌లో రాయండి. మూడు నెలలు పోయాక నోటిమాట ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు.

ఆయన సూచన మీకు సబబుగా తోచకపోతే చెప్పడంలో అమర్యాద లేదు. ‘సర్, మన డేటాకు ఈ పద్ధతి కుదరదేమో, ఒకసారి ఈ పేపర్ చూస్తారా’ అని ఆధారంతో అడగండి. అప్పటికీ తేలకపోతే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంది. ప్రతి సెమిస్టర్ దాని ముందు మీ పురోగతి వివరించాలి. గైడే దానికి కన్వీనరైనా, మిగతా సభ్యులూ మీ పని చూసి మాట్లాడతారు. దాన్ని సంతకాల తంతుగా ముగించేయకండి, మీ సందేహాన్ని అక్కడ అడగండి.

డిపార్ట్‌మెంట్ పనుల్లో చేయి వేయడం మంచిదే. గైడ్ ఇంటి పనులు, బ్యాంకు పనులు మాత్రం మొదటిసారే మర్యాదగా తప్పించుకోండి, ఒకసారి ఒప్పుకుంటే ఆపడం కష్టం. లైంగిక వేధింపులు ఎదురైతే సర్దుకుపోవద్దు. ప్రతి యూనివర్సిటీలో ఇంటర్నల్ కమిటీ ఉండాలని చట్టమే చెబుతోంది, ఫిర్యాదు అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి.

గైడ్‌తో ఎంతకీ పొసగకపోతే, మార్పు కోరడానికి తొలి ఏడాదే అనువైన సమయం. సినాప్సిస్ ఖాయమయ్యాక, డేటా చేతికొచ్చాక గైడ్ మారితే టాపిక్ కూడా మార్చుకోవాల్సి రావచ్చు. డిపార్ట్‌మెంట్ హెడ్‌ను కలిసి, ఎవరి మీదా నింద వేయకుండా, మీ అంశానికి దగ్గరగా పనిచేసే మరొకరి పేరు సూచిస్తూ దరఖాస్తు ఇవ్వండి. ఆ మరొకరి అంగీకారం ముందే తీసుకోండి.