నౌబత్ పహాడ్‌కు వెళ్లేముందు ఇంటి బండలు చూపించండి

సెలవులొస్తే వికారాబాద్, తాండూరు రైళ్లలో పిల్లాపాపలతో పట్నం పోయే కుటుంబాలు చాలానే కనిపిస్తాయి. బిర్లా మందిర్, ప్లానెటోరియం, జూ, చార్మినార్, ట్యాంక్‌బండ్ అన్నీ ఒక్క రోజులో చుట్టేయాలన్న ఆరాటం. సాయంత్రానికి పిల్లలకు గుర్తుండేది ఐస్‌క్రీం. (అది గుర్తుండటం తప్పేం కాదనుకోండి.) ఒక రోజుకు రెండు చోట్లు చాలు. మిగతా చూపులు ఇంటి దగ్గరే మొదలుపెట్టండి.

తాండూరు వాళ్లకు కాళ్ల కింది బండే మొదటి పాఠం. అది సున్నపురాయి. ఒకప్పుడు ఈ నేల మీద నిలిచిన సముద్రం అడుగున సన్నటి ఒండ్రు పొర మీద పొర పేరుకుని గట్టిపడింది. గనిలో పలకలు పలకలుగా లేచొచ్చేది అందుకే. ఆ సముద్రం నాటికి భూమ్మీద చేపే పుట్టలేదు. విరిగిన ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండమనండి. సన్నటి బుడగలొస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. పాలిషు బండ మీద మాత్రం చేయనివ్వకండి, మెరుపు పోయి మరక మిగులుతుంది.

వికారాబాద్ పిల్లలకు అనంతగిరి ఉంది. అక్కడ పుట్టిన మూసీయే సాలార్‌జంగ్ మ్యూజియం పక్కనుంచి పారుతుంది. 1908లో అదే నది హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాతే 1920లో గండిపేట చెరువు కట్టారు. మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడి చూసిన పిల్లలు బయటికొచ్చి వంతెన మీద నుంచి నదిని చూసి, ‘ఇది మా ఊరి నీళ్లేనా’ అని అడిగితే, దాని రంగు గురించి కూడా నిజమే చెప్పండి.

హైదరాబాద్‌లోని నౌబత్ పహాడ్ మీద 1985లో ప్లానెటోరియం తెరిచారు. సైన్స్ మ్యూజియం తర్వాత వచ్చింది. అందులోని డైనోసార్ దగ్గర తొందరపెట్టకండి. ఆ కోటాసారస్ సినిమా బొమ్మ కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర మన నేలలోనే దొరికిన జంతువు. ప్లానెటోరియంలో దీపాలు ఆరిపోతే చిన్నపిల్లలు జడుసుకోవచ్చు. దారి పక్క కుర్చీల్లో కూర్చోండి.

ఇక అక్వేరియం. దుబాయ్‌లో ఉన్న మేనమామ అక్కడి మాల్‌లో కోటి లీటర్ల నీళ్ల తొట్టిని వీడియో తీసి పంపి ఉంటాడు. అది చూసిన కళ్లకు జూపార్కులోని అక్వేరియం ఆనదు. ‘ఇంతేనా’ అని పిల్లలకంటే ముందు మనమే అనేస్తాం. నన్నడిగితే చిన్న తొట్టే మేలు. పెద్దదాంట్లో గుంపు కనిపిస్తుంది, చిన్నదాంట్లో ఒక చేప కనిపిస్తుంది. మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయో, తోక ఊపకుండా ఎలా ఆగిందో చూడమనండి. పేర్లన్నీ చదివి వినిపించే పని పెట్టుకోవద్దు. అద్దం మీద తట్టనివ్వకండి, ఫోన్ ఫ్లాష్ ఆపేయండి.

దీనికీ ముందే ఒక పని ఉంది. మీ ఊరి చేపల బజారులో కొద్దిపాటి నీళ్లలో కొర్రమీను బతికే ఉండటం పిల్లలకు చూపించండి. అది పైకొచ్చి నోటితో గాలి పీల్చుకోగలదు. మన రాష్ట్ర చేప కూడా అదే. ఆ సంగతి తెలిసిన పిల్లలు అక్వేరియంలో ప్రతి తొట్టి ముందూ ‘ఇది పైకొస్తుందా’ అని కాచుక్కూర్చుంటారు. కూర్చోనివ్వండి, రైలు ఇంకోటి ఉంటుంది.

జూకు మాత్రం వేరే రోజు పెట్టుకోండి, అదొక్కటే పొద్దంతా పడుతుంది. సోమవారం జూ, శుక్రవారం సాలార్‌జంగ్ మూసి ఉంటాయి. గేటు దగ్గరిదాకా వెళ్లి వెనక్కి తిరిగితే పిల్లలకంటే తాతలకే ఎక్కువ కోపం వస్తుంది.