గోలీల అట్ట పారేయొద్దు

గద్వాల దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక తల్లి ఉంది. పత్తి చేలల్లో కూలికి పోతుంది. రాత్రి బడిలో చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె బిడ్డ వనపర్తిలో ఇంటర్ చదివింది. తరువాత హైదరాబాదులో ఫార్మసీ చదివింది. ఫార్మసీ అంటే మందుల చదువు. ఇప్పుడు అక్కడే ఒక కొత్త పనిలో శిక్షణ పొందుతున్నది.

బిడ్డ దసరా పండుగకు ఇంటికి వచ్చింది. తల్లి చేతుల మీద ఎర్రని దద్దుర్లు చూసింది.

"ఇవేంటియి అమ్మా?"

"ఒళ్లు నొప్పులకు దుకాణంల గోలీలు తెచ్చుకున్న. రెండు వేసుకున్న. తెల్లారి దద్దుర్లు లేసినయి. గోలీలు బంద్ చేసిన. ఇప్పుడు తగ్గుతున్నయి."

"ఏం గోలీలు?"

"తెల్ల గోలీలు."

"పేరేంది?"

"ఏమో బిడ్డా! అట్ట పారేసిన. తగ్గిపాయె గదా, ఇంక అట్టతోని ఏం పని?"

"ఆ అట్టతోనే పని అమ్మా. నా ఉద్యోగమంతా అదే" అంది బిడ్డ. తల్లి పక్కన కూర్చొని చెప్పసాగింది.

మందు రోగాన్ని తగ్గిస్తుంది. కానీ ఒకరికి పడిన మందు ఇంకొకరికి పడకపోవచ్చు. కొన్ని మందుల చెడు చాలామంది వాడిన తరువాతే బయటపడుతుంది.

1957లో జర్మనీ దేశంలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. చాలా దేశాల్లో గర్భిణులు వేవిళ్లకు దానిని వాడారు. వారికి చేతులు, కాళ్లు సరిగా లేని పిల్లలు పుట్టారు. అలా వేలమంది పుట్టారు. ఒక డాక్టరు ఒక బిడ్డను చూశాడు. వేరే ఊరి డాక్టరు ఇంకొక బిడ్డను చూశాడు. అందరి మాటలు ఒక్కచోట చేరలేదు. అందుకే కారణం తెలియడానికి ఏళ్లు పట్టింది. 1961లో ఆ మందును జర్మనీలో ఆపారు.

తరువాత దేశాలు మేల్కొన్నాయి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కబుర్లను ఒక్కచోట చేర్చే పని మొదలుపెట్టింది. ఇప్పుడు స్వీడన్ దేశంలోని ఉప్సాలా పట్టణంలో ఇలాంటి రిపోర్టులు 3 కోట్లకు పైగా ఉన్నాయి. మన దేశంలో ఇప్పుడు నడుస్తున్న కార్యక్రమం 2010లో మొదలైంది. దీని కేంద్రం ఢిల్లీ దగ్గర ఘజియాబాదులో ఉంది.

"అన్ని కోట్ల కాగితాలు ఎవరు సదువుతరు?" అని అడిగింది తల్లి.

"కంప్యూటరు సాయం చేస్తది. దానికి చదివి పోల్చడం నేర్పుతరు. దానిని కృత్రిమ మేధ అంటరు. అందరూ ఏఐ అంటున్నరే, అదే. దానితో పని ఎట్ల చెయ్యాల్నో నేను నేర్చుకుంటున్న."

ఒకే మనిషి సంగతి రెండుసార్లు వస్తే కంప్యూటరు పట్టి చూపిస్తుంది. ఒకే మందుకు ఒకే రకం బాధ ఎక్కువమందికి వస్తే, "ఇక్కడ చూడండి" అని గుర్తు పెడుతుంది. కానీ తీర్పు చెప్పేది అది కాదు. మందు వల్లనే బాధ వచ్చిందా, వేరే కారణమా అని డాక్టర్లు, నిపుణులు చూస్తారు. కంప్యూటరు కూడా తప్పు చేస్తుంది. ఆ తప్పు పట్టడం కూడా బిడ్డ శిక్షణలో భాగమే.

"మరి నా దద్దుర్లు ఆ కంప్యూటరుకు తెలుసా?"

"ఎట్ల తెలుస్తది అమ్మా? నువ్వు చెప్పలేదు గదా. చెప్పినా మందు పేరు లేదాయె."

రిపోర్టులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి. ఎవరికి వచ్చింది? ఏ మందు? ఏ బాధ? చెప్పింది ఎవరు? వీటిలో ఒక్కటి లేకున్నా రిపోర్టు పనికి రాదు.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అట్ట మీద ఇంగ్లీషు ఉంటది. నాకు రాదు" అంది.

"అంకెలు వచ్చు గదా. తేదీలు చదువు. బ్యాచ్ నంబరు చూసి రాసుకో. పేరు ఆశమ్మ చదువుతది. దుకాణపాయన అట్ట కత్తిరించి ఇస్తే పేరు, తేదీ అవతలి ముక్కకే పోవచ్చు. అవి ఉన్న ముక్కనే అడుగు."

నెల గడిచింది. నాగర్‌కర్నూల్ నుండి చెల్లెలు ఫోన్ చేసింది. గోలీ వేసుకున్నాక ఒళ్లంతా దురద అని చెప్పింది.

"అట్ట ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"ఆగు, కాగితం తెస్త. అంకెలు ఒక్కొక్కటి సదువు."

చెల్లెలు కూడబలుక్కొని చదివింది. అక్క రాసుకుంది. మరునాడు చెల్లెలు ఆ అట్ట పట్టుకొని దవాఖానకు పోయింది.

గుర్తు పెట్టుకోండి

- మందు అయిపోయేదాకా అట్ట దాచండి. గడువు తేదీ చూడండి.
- అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ఆ మందు వాడవద్దు.
- మందు పడకపోతే డాక్టరుకు, నర్సమ్మకు, ఆశ కార్యకర్తకు చెప్పండి. 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నింపే ఫారం తెలుగులో కూడా ఉంది.
- ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే దవాఖానకు పోవాలి.
- బీపీ, షుగరు, టీబీ మందులను డాక్టరును అడగకుండా ఆపవద్దు.

చెప్పండి

1. తల్లి దద్దుర్ల సంగతి రిపోర్టులో ఎందుకు చేరలేదు?
2. కంప్యూటరు చేసే పని ఏమిటి? మనుషులు చేసే పని ఏమిటి?
3. మీ ఇంట్లో ఉన్న ఒక గోలీల అట్ట తీయండి. గడువు తేదీ చదివి రాయండి.