పలాసలో జీడిపప్పు పరిశ్రమ: ఒంటరిగానా, పొత్తులోనా?

ప్రశ్న: పలాసలో చిన్న జీడిపప్పు పరిశ్రమ పెట్టదలచినవారు సొంతంగా పెట్టడం మేలా, బంధువుతో కలిసి పెట్టడం మేలా?

జవాబు: జీడిపిక్కలను వేసవి పంటకాలంలో కొని నిల్వ చేసుకొని, పప్పును ఏడాది పొడవునా అమ్ముకోవలసిన వ్యాపారమిది కనుక, నిర్వహణ మూలధనం, అనగా సరుకులోనూ అరువులోనూ చిక్కుకొని ఉండే సొమ్ము, ఒక్కరి శక్తికి మించినప్పుడు భాగస్వామి ఆలోచన సహజంగానే వస్తుంది. అయితే కొరత డబ్బు ఒక్కటే అయితే బ్యాంకు రుణమే ఉత్తమం. బ్యాంకు అసలూ వడ్డీతో తృప్తి పడుతుంది, భాగస్వామికి లాభంలోనూ నిర్ణయంలోనూ వాటా ఇవ్వవలసి ఉంటుంది. పిక్కల నాణ్యత ఎరిగి కొనగలవారు ఒకరు, దూరపు మార్కెట్లలో అమ్మగలవారు మరొకరు అయినప్పుడు పొత్తు నిజంగా ఫలిస్తుంది.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు భాగస్వాములు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. అంటే వ్యాపారం కోసం ఒకరు చేసిన అప్పు మరొకరి ఇంటి మీదికీ పొలం మీదికీ రావచ్చు. సొంత వ్యాపారంలోనూ బాధ్యత అపరిమితమే గాని, అక్కడ అప్పు చేసే చేయి ఒక్కటే. వేరే ఒప్పందం లేకుంటే పెట్టుబడుల తేడాతో నిమిత్తం లేకుండా లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. 2008 నాటి చట్టం కింద ఏర్పడే పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో నష్టం సాధారణంగా పెట్టుబడి మేరకే ఆగుతుంది. ఏ రూపం ఎంచుకున్నా, బంధువుతో అయితే మరింత శ్రద్ధగా, విడిపోయేటప్పుడు గోదాములోని పిక్కలకు విలువ కట్టే పద్ధతిని ముందే పత్రంలో రాసుకోవడం తప్పనిసరి.