మొక్కల అక్వేరియంలో నైట్రేట్ యాజమాన్యం: కర్నూలు, కడప బోరు నీటితో నత్రజని లెక్క

సారాంశం

మంచినీటి మొక్కల అక్వేరియంలో నైట్రేట్ పెరిగినప్పుడు నీరు మార్చాలన్నది అందరూ ఇచ్చే సలహా. కర్నూలు, కడప ప్రాంతాల్లో బోరు నీటిలోనే నైట్రేట్ అధికంగా ఉన్న చోట్ల ఈ సలహా ఒక్కటే ఫలించదు. తొట్టిలోకి వచ్చే నత్రజనిని, బయటికి పోయే నత్రజనిని లెక్కగట్టి యాజమాన్యాన్ని నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. అదే లెక్క తాగునీటి విషయంలోనూ, సాగునీటి విషయంలోనూ ఏ విధంగా ఉపకరిస్తుందో తెలుపుతుంది.

పరిచయం

పొలంలో నత్రజని సమతుల్యతను విద్యార్థికి ప్రత్యక్షంగా చూపడం కష్టం. వేసిన యూరియాలో కొంత పైరుకు అందుతుంది, కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది, మరికొంత నైట్రేట్ రూపంలో వేరు మండలాన్ని దాటి భూగర్భజలంలోకి చేరుతుంది. ఈ మార్గాలేవీ కంటికి కనిపించవు. గాజు తొట్టిలో మాత్రం నీటి పరిమాణం తెలుసు, మేత బరువు తెలుసు, కత్తిరించిన మొక్కల బరువు తెలుసు. అందువలన నత్రజని లెక్క నేర్పడానికి అక్వేరియం చక్కని బోధన సాధనం.

ఈ బోధనలో నేను కూడా ఒక పొరపాటు చేశాను. నైట్రేట్ పెరిగితే నీరు మార్చండని విద్యార్థులకు చెప్పాను గాని, మార్చే నీటిని ముందుగా పరీక్షించండని చెప్పలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ పొరపాటే.

తొట్టిలో నత్రజని మార్గం

చేపలు మేతలోని మాంసకృత్తులను జీర్ణం చేసుకొని అమోనియాను విసర్జిస్తాయి. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గానూ, నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. నేలలో జరిగేది కూడా ఇదే ప్రక్రియ. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో ఈ సూక్ష్మజీవుల పాత్రను నిరూపించారు.

ఈ మూడింటిలో అమోనియా, నైట్రైట్ చేపలకు తక్షణ ప్రమాదం కలిగిస్తాయి. మన ప్రాంతపు నీటిలో ఉదజని సూచిక 8కి చేరడం సాధారణమే. ఉదజని సూచిక 7 నుంచి 8కి పెరిగితే విషపూరితమైన అమోనియా వాటా సుమారు పది రెట్లవుతుంది. నైట్రేట్ తీవ్రత వీటికంటే చాలా తక్కువ. అయితే అది నిశ్శబ్దంగా పోగుపడుతుంది. మొక్కల అక్వేరియంలో లీటరుకు 10 నుంచి 20 మి.గ్రా. నైట్రేట్ ఉండేలా చూడటం అనుకూలం. పూర్తిగా లేకపోయినా నష్టమే. అప్పుడు నత్రజని లోపించిన పైరులో వలెనే ముదురు ఆకులు ముందుగా పసుపుబారుతాయి.

మూల నీటి స్వభావం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో గ్రానైట్, నీస్ శిలలు, నంద్యాల, కడప వైపు సున్నపురాయి, షేల్ శిలలు విస్తరించి ఉన్నాయి. పగుళ్ల గుండా నీరు త్వరగా కిందికి దిగే చోట్ల ఎరువుల నత్రజని, పశువుల పేడ, మూత్రం, ఇళ్ల మరుగుగుంతల స్రావం భూగర్భజలాన్ని చేరుతాయి. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో నైట్రేట్‌కు లీటరుకు 45 మి.గ్రా. పరిమితి విధించింది. రాయలసీమలో అనేక బావులు, బోర్ల నీరు ఈ పరిమితిని మించినట్లు కేంద్ర భూగర్భజల మండలి పరిశీలనలు తెలుపుతున్నాయి.

ప్రయోగశాల నివేదిక చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని నివేదికలు నైట్రేట్‌ను, మరికొన్ని నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే తెలుపుతాయి. 1 మి.గ్రా. నత్రజని 4.43 మి.గ్రా. నైట్రేట్‌తో సమానం. నివేదికలో 10 అని ఉన్నప్పుడు అది నత్రజని అయితే నైట్రేట్ సుమారు 44 అవుతుంది. ఈ తేడా గమనించకపోతే ప్రమాదకరమైన నీరు సురక్షితంగా కనిపిస్తుంది.

మేత లెక్క

100 లీటర్ల తొట్టిలో రోజుకు 1 గ్రాము మేత వేస్తున్నామనుకుందాం. మేతలో 40 శాతం మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని ఉంటే ఆ గ్రాములో 64 మి.గ్రా. నత్రజని ఉంటుంది. అందులో పావు నుంచి మూడోవంతు వరకు చేప దేహంలో నిలుస్తుందనుకుంటే, మిగిలినది రోజుకు లీటరుకు సుమారు 2 మి.గ్రా. నైట్రేట్‌గా మారుతుంది. అనగా వారానికి 14 మి.గ్రా.

నీటి మార్పిడికి గల పరిమితి

ప్రతి వారం ఒకే వంతున నీరు మారుస్తూ పోతే నైట్రేట్ ఒక నిలకడ స్థాయికి చేరుతుంది. దానిని ఈ విధంగా అంచనా వేయవచ్చు:

మార్పిడి తరువాత నిలకడ స్థాయి = మూల నీటిలోని నైట్రేట్ + వారపు పెరుగుదల × (ఉంచిన భాగం ÷ మార్చిన భాగం)

పై తొట్టిలో మొక్కలు లేవనుకొని, వారానికి సగం నీరు మారిస్తే:
- నైట్రేట్ లేని నీటితో: 14 మి.గ్రా.
- లీటరుకు 30 మి.గ్రా. ఉన్న నీటితో: 44 మి.గ్రా.
- లీటరుకు 60 మి.గ్రా. ఉన్న నీటితో: 74 మి.గ్రా.

60 మి.గ్రా. గల నీటితో వారానికి పావు వంతు మాత్రమే మారిస్తే నిలకడ స్థాయి 102 మి.గ్రా.కు చేరుతుంది. ఎంత తరచుగా మార్చినా 60 కంటే కిందికి దిగదు. మూల నీరే ఇక్కడ అడుగు గట్టు.

వేసవి ఆవిరి నష్టం

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలకు తొట్టి నీరు త్వరగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైపోతుంది గాని నైట్రేట్ తొట్టిలోనే మిగిలిపోతుంది. రోజుకు 2 లీటర్లు తగ్గుతుండగా, ఆ లోటును 60 మి.గ్రా. గల బోరు నీటితో భర్తీ చేస్తే రోజుకు 120 మి.గ్రా. నైట్రేట్ అదనంగా చేరుతుంది. 100 లీటర్లకు అది లీటరుకు 1.2 మి.గ్రా.; మేత వలన వచ్చే పెరుగుదలలో సగానికి మించినది. కావున ఆవిరి లోటును వర్షపు నీటితోగాని, ఆర్.ఓ. నీటితోగాని మాత్రమే పూరించాలి.

మొక్కల పాత్ర

తాజా నీటి మొక్కల్లో 90 శాతం నీరు, పొడి పదార్థంలో 3 శాతం నత్రజని ఉంటాయనుకుందాం. 100 గ్రాముల కత్తిరింపులను తీసివేస్తే 300 మి.గ్రా. నత్రజని, అనగా 100 లీటర్ల తొట్టిలో లీటరుకు సుమారు 13 మి.గ్రా. నైట్రేట్ బయటికి పోయినట్లే. ఒక వారపు మేత భారం దాదాపుగా దీనితో సరిపోతుంది. వారానికి 200 గ్రాములు తీయగలిగితే తొట్టి నైట్రేట్ మూల నీటి కంటే తక్కువకు దిగుతుంది. ఆ స్థితిలో నైట్రేట్ గల బోరు నీటితో మార్పిడి చేయడం తగ్గిన నైట్రేట్‌ను తిరిగి పెంచడమే అవుతుంది.

కత్తిరించిన కొమ్మలను, రాలిన ఆకులను తొట్టిలోనే వదిలితే అవి కుళ్లి నత్రజనిని తిరిగి ఇస్తాయి. పంటను కోసి ఇంటికి చేర్చినప్పుడే పోషకం పొలం దాటుతుంది. ఇక్కడా అదే సూత్రం.

మొక్కలు నైట్రేట్ తీసుకోకపోతే ఇతర పోషకాల లోపాన్ని అనుమానించాలి. సున్నం అధికంగా గల నేలల్లో వేరుశనగ లేత ఆకులు ఇనుము అందక పాలిపోవడం రాయలసీమ రైతులకు పరిచితమే. సున్నపు నీటి తొట్టిలోనూ ఇనుము అవక్షేపమై మొక్కకు అందదు. లేత ఆకులు పాలిపోతే ఇనుము లోపం, ముదురు ఆకులు పసుపుబారితే నత్రజని లోపం అని గుర్తించాలి. ఉదజని సూచిక ఎక్కువగా ఉన్న నీటిలో ఇ.డి.టి.ఎ. ఇనుము త్వరగా విడిపోతుంది, ఇ.డి.డి.హెచ్.ఎ. ఇనుము నిలకడగా ఉంటుంది గాని నీటికి ఎరుపు ఛాయ ఇస్తుంది.

ఆచరణ సూచనలు

1. ముందుగా మూల నీటిని, తరువాత తొట్టి నీటిని పరీక్షించాలి.
2. మూల నీటిలో 60 మి.గ్రా. ఉంటే ఒక పాలు బోరు నీటికి రెండు పాళ్లు వర్షపు లేదా ఆర్.ఓ. నీరు కలపాలి. మిశ్రమం 20 మి.గ్రా.కు వస్తుంది. కాఠిన్యం ఒక్కసారిగా మారకుండా కొన్ని వారాల్లో క్రమంగా ఈ పాళ్లకు చేరాలి.
3. వర్షపు నీటిలో తొలి వానను వదిలివేయాలి. 50 చదరపు మీటర్ల మిద్దెపై 20 మి.మీ. వర్షం కురిస్తే 1,000 లీటర్లు. నష్టాలు పోగా మిగిలినది ఒక తొట్టికి అనేక వారాలకు చాలుతుంది.
4. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి త్వరగా పెరిగే మొక్కలను ఎంచుకొని, ప్రతి వారం కత్తిరింపుల బరువు నమోదు చేయాలి.
5. తీసిన మొక్కలను కంపోస్టుకు, తీసిన నీటిని కుండీలకు వాడాలి. చెరువుల్లో, కాలువల్లో పారవేయరాదు. గుర్రపుడెక్క నేర్పిన పాఠం మనకు చాలు.

తొట్టి నుంచి ఇంటికి, పొలానికి

లీటరుకు 60 మి.గ్రా. నైట్రేట్‌ను అనేక చేపలు తట్టుకుంటాయి. చేపలు హుషారుగా తిరుగుతున్నాయి గనుక నీరు మంచిదేనని ఇంటివారు భావించే అవకాశం ఉన్నది. ఆరు నెలల లోపు శిశువుకు అదే నీటితో పాలపొడి కలిపితే నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. శిశువు దేహం నీలివర్ణం దాలుస్తుంది. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వైద్యుడు హంటర్ కోమ్లీ బావి నీటికి, ఈ వ్యాధికి గల సంబంధాన్ని వెల్లడించారు. మరిగించినంత మాత్రాన నైట్రేట్ పోదు. నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరు, పటిక, క్లోరిన్ కూడా దానిని తొలగించవు.

అదే నీరు పొలానికి ఎరువు. 60 మి.గ్రా. నైట్రేట్ గల నీటిలో లీటరుకు సుమారు 13.5 మి.గ్రా. నత్రజని ఉంటుంది. హెక్టారుకు 50 మి.మీ. తడి ఇస్తే 6.8 కిలోల నత్రజని, ఎనిమిది తడులకు సుమారు 54 కిలోలు నేలకు చేరుతుంది. ఇది 117 కిలోల యూరియాకు సమానం. ఇందులో పైరుకు అందే భాగాన్ని సిఫారసు మోతాదు నుంచి తగ్గించకపోతే రైతు ఖర్చూ పెరుగుతుంది, బోరులో నైట్రేటూ పెరుగుతుంది.

ముగింపు

అక్వేరియం యాజమాన్యం మేతతో గాని, మొక్కతో గాని మొదలుకాదు. మూల నీటి పరీక్షతో మొదలవుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఒక ఇంట్లో చేపల తొట్టి నీటిని పరీక్షించవలసి వచ్చినప్పుడు, ఆ ఇంటి బోరు నీటిని కూడా పరీక్షించి, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉన్నదేమో అడిగి తెలుసుకోవాలి.