గుడ్డు పగలగొట్టే ముందు

గుడ్డు ఎవరి కోసమూ ఆగదు. వేడి పెనం మీద పడ్డాక రెండు మూడు నిమిషాల్లో దాని సంగతి తేలిపోతుంది. ఆ కాస్త సమయంలో ఉప్పు డబ్బా వెతుక్కునేవాళ్లకు, అప్పుడే ఉల్లిపాయ కోసుకునేవాళ్లకు, మధ్యలో ఫోన్ ఎత్తేవాళ్లకు మాడిన అట్టే మిగులుతుంది. చదువులో, ఉద్యోగంలో మనం పడే హడావిడి చాలావరకు ఇలాంటిదే. పని వచ్చు, తెలివీ ఉంది. పనికి ముందు చేసుకోవాల్సిన పని మాత్రం ఆఖరి నిమిషానికి మిగిలిపోతుంది.

ఈ అలవాటు మార్చుకోవాలని ఉంటే మీ వంటింట్లోనే మొదలుపెట్టండి. లెబనాన్ ఇళ్లలో చేసుకునే ఎజ్జె అనే ఆకుల అట్టు వేయడం నేర్చుకోండి. ముందస్తు తయారీ విలువ ఇంత త్వరగా, ఇంత రుచిగా తెలియజెప్పే వంట నాకు మరొకటి కనబడలేదు.

మన ఆమ్లెట్‌లో కొత్తిమీర పైపైన చల్లుకుంటాం. ఎజ్జెలో ఆకే అసలు సరుకు. కొత్తిమీరలా కనిపించే పార్స్లీ, పుదీనా, ఉల్లికాడలు గిన్నె నిండా ఉంటాయి. వాటిని పట్టి ఉంచడానికే గుడ్డు. కాబట్టి శ్రమంతా పొయ్యి వెలిగించక ముందే ఉంటుంది. అరగంట సిద్ధం చేసుకోవాలి, ఐదు నిమిషాలు వేయించుకోవాలి. ఆ అరగంటను తగ్గించుకోవాలని చూస్తే ఈ ఐదు నిమిషాలూ పాడవుతాయి.

ఇద్దరికి నాలుగు గుడ్లు చాలు. సన్నగా తరిగిన పార్స్లీ ఒక కప్పు, పుదీనా పావు కప్పు, ఉల్లికాడలు మూడు నాలుగు, మైదా ఒక పెద్ద చెంచా, ఉప్పు అర చెంచా, మిరియాల పొడి పావు చెంచా, దాల్చినచెక్క పొడి చిటికెడు. లెబనాన్‌లో ఆల్‌స్పైస్ గానీ, ఏడు దినుసుల మసాలా గానీ వేస్తారు. దొరక్కపోతే మిరియాలు, దాల్చినచెక్క సరిపోతాయి. పార్స్లీ దొరకని ఊళ్లో కొత్తిమీర వాడుకోవచ్చు. దాని ఘాటు ఎక్కువ కాబట్టి కొంచెం తగ్గించి, ఆ మేరకు ఉల్లికాడలు పెంచండి. రుచి మారుతుంది, బాగానే ఉంటుంది.

అసలు పరీక్ష ఆకు కడిగిన తర్వాత మొదలవుతుంది. తడి ఆకు గుడ్డులో పడితే నీరు వదులుతుంది, అట్టు పెనం మీద విడిపోతుంది. అందుకే కడిగి, దులిపి, బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తరగడానికి పదునైన కత్తి కావాలి. మొద్దు కత్తి ఆకును నలిపి రసం కార్పిస్తుంది. మిక్సీలో వేస్తే ముద్దయిపోతుంది, దయచేసి ఆ పని చేయకండి. తరిగిన ఆకు, పొడులు, మైదా, నూనె, అట్లకాడ, పళ్లెం అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే గుడ్లు పగలగొట్టండి. గిలక్కొట్టి, అన్నీ కలిపి వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లండి. ఉప్పు పడిన ఆకు ఎక్కువసేపు ఊరితే మళ్లీ నీరు చేరుతుంది.

పెనంలో రెండు మూడు చెంచాల ఆలివ్ నూనె వేసి మధ్యస్థంగా వేడి చేయండి. ముందు ఒక్క చెంచాడు మాత్రమే వేసి, రెండు వైపులా కాలాక తిని చూడండి. ఉప్పు తగ్గిందా, మంట ఎక్కువైందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఏ పెద్ద పనికైనా ఈ పద్ధతి పనికొస్తుంది. మొత్తం పిండి పోసేశాక తెలిసే తప్పును దిద్దుకోలేం, చెంచాడు పిండితో తెలిసిన తప్పును చిటికెలో దిద్దుకుంటాం. రుచి కుదిరాక అరచేయంత అట్లు వేయండి. ఒక వైపు రెండు నిమిషాలు, తిప్పాక ఒక నిమిషం. తెల్లసొన దాదాపు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 మధ్య గట్టిపడుతుంది. నూనె వేడి అంతకు రెట్టింపుకు పైనే ఉంటుంది. అందుకే ఆ మూడు నిమిషాలూ పెనం ముందు నుంచి కదలకూడదు. ఎక్కువ కాలితే గుడ్డు బిగుసుకుని, లోపలి తడిని బయటికి నెట్టి, రబ్బరులా సాగుతుంది.

లెబనాన్ వాళ్లు దీన్ని పల్చటి రొట్టెలో చుట్టుకుని, లబ్నె, టమాటా, ముల్లంగి ముక్కలతో తింటారు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు ఆ రొట్టె ఖుబూస్‌గా రోజూ పరిచయమే. ఇక్కడ పుల్కా చాలు. లబ్నె అంటే నీరు వడకట్టిన గట్టి పెరుగు. కాస్త ఉప్పు కలిపిన పెరుగును పల్చటి గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడేలా రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తయారవుతుంది. అదీ ముందు రోజే తలపెట్టాల్సిన పనే.

ఈ ముందుచూపు అక్కడ ఒక్క అట్టుతో ఆగలేదు. లెబనాన్ కొండ ఊళ్లలో చలికాలం మంచు కురుస్తుంది. అందుకని వేసవి నుంచి శరదృతువు వరకు ఏడాదికి సరిపడా తిండి నిల్వ చేసుకునే ఆచారం స్థిరపడింది. దాన్ని మౌనె అంటారు. మనం ఎండాకాలంలో ఆవకాయ, వడియాలు పెట్టుకోవడం లాంటిదే. బుర్గుల్ అనే ఉడికించి ఎండబెట్టిన గోధుమ రవ్వ, దాన్ని పెరుగుతో పులియబెట్టి ఎండబెట్టిన కిష్క్, జాతర్ అనే ఆకుల మసాలా, సుమాక్ అనే పుల్లటి పొడి, ఆలివ్ నూనెలో ఊరేసిన లబ్నె ఉండలు అందులో ఉంటాయి. కొవ్వు తోక గొర్రె మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు వేసి, ఆ తోక కొవ్వులోనే వేయించి జాడీలకెత్తితే అది అవర్మా. చలికాలం పొద్దున రెండు చెంచాల అవర్మా పెనంలో కరిగించి, పైన గుడ్లు కొట్టి పోస్తే ఫలహారం సిద్ధం. తినేవారికి ఐదు నిమిషాల వంటలా కనిపిస్తుంది. దాని వెనుక నెలల కిందటి పని ఉంది. బార్బరా అబ్దెనీ మసాద్ అనే రచయిత్రి, ఫొటోగ్రాఫర్ ఈ పద్ధతులన్నీ సేకరించి 2010లో ‘మౌనె’ పేరుతోనే పుస్తకం తెచ్చారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది కూసా ఎజ్జె. కూసా అంటే లేత ఆకుపచ్చ రంగులో ఉండే చిన్న జుకినీ రకం కాయ. దాన్ని లోపల తొలిచి, బియ్యం, మాంసం కూరి వండటం అక్కడ శ్రద్ధగా చేసే పెద్ద వంట. తొలిచిన గుజ్జును పారేయరు. ఉప్పు వేసి, నీరు పిండేసి, ఉల్లిపాయ, గుడ్లు కలిపి ఎజ్జె వేసేస్తారు. ఒక పనికి చేసిన తయారీలోంచే రెండో పనికి సరుకు పుట్టింది. పరీక్షకు రాసుకున్న నోట్సు ఇంటర్వ్యూకు పనికొచ్చేలా, ఒక సమావేశానికి తీసిన లెక్కలు నెలాఖరు నివేదికకు అక్కరకొచ్చేలా దాచుకునేవాళ్లు చేసేదీ ఇదే. మన దగ్గర లేత సొరకాయ తురిమి, నీరు గట్టిగా పిండి, ఇలాగే వేసుకోవచ్చు.

ఒంటరిగా గది తీసుకుని ఉంటున్న పిల్లలకు నా మాట ఒకటే. వచ్చే ఆదివారం ఎజ్జె వేయండి. శనివారం రాత్రే ఆకు కడిగి ఆరబెట్టండి, పెరుగు మూట కట్టండి, కత్తి పదును చూసుకోండి. పొద్దున పొయ్యి వెలిగించాక ఫోన్ పక్క గదిలో పెట్టి, పెనం ముందు నిలబడండి.