పడుచువారికిని నీటికాసులు

నీటికాసులు ముసలివారి జబ్బను నమ్మకము మన పల్లెలలో గలదు. వైద్యులు గ్లాకోమా అను ఈ వ్యాధి పిల్లలకును, పడుచువారికిని వచ్చును. కంటిలోని నీరు సరిగా బయటకు పోక ఒత్తిడి పెరిగి, చూపునరము చెడును. పలువురికి నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు పోవును. ఎదుటిచూపు చాలకాలము నిలుచును. కావున బడిలో అక్షరముల పటమును తప్పులేక చదివిన బాలుడు సైతము రోగియై యుండవచ్చును.

కండ్లు దురదపెట్టు పిల్లల విషయమున మనము మరింత మెలకువ వహింపవలెను. దుకాణములో అడిగి తెచ్చిన చుక్కలు దురదను వెంటనే అణచును. తల్లిదండ్రులు సంతోషించి ఆ సీసానే మరల మరల కొందురు. అందు స్టెరాయిడు ఉన్నచో, నెలల తరబడి వాడగా కొందరికి ఒత్తిడి పెరిగి నీటికాసులు వచ్చును. ఉపశమనమే ఇచట మోసము.

శుక్లమువలె గాక, దీనిచే పోయిన చూపు శస్త్రచికిత్సచేతను తిరిగి రాదు. మిగిలిన చూపును మాత్రము చికిత్సచే కాపాడవచ్చును.

కంటి శిబిరము జరిపించునపుడు కండ్లజోళ్ల పరీక్షతో తృప్తిపడక, ఒత్తిడిని కొలిచి నరమును కూడ చూడుడని వైద్యుని కోరవలసినదిగా సభ్యులకు మనవి చేయుచున్నాము. సాధారణముగా ఒత్తిడి పాదరసపు కొలతలో 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకుండును. అది సరిగా నున్నను నరము చెడువారు కలరు. రోగుల తోబుట్టువులను, బిడ్డలను ముందుగా పిలిపించుడు. వాడుచున్న చుక్కల సీసాలను వెంట తెమ్మనుడు.